650 గజాల్లో పది ఫ్లాట్లు: ప్లాన్ శాంక్షన్ అయింది, రెరా లేకుండా బుకింగులు తీసుకోవచ్చా?

కొత్త బిల్డర్
650 గజాల స్థలం. ఓనర్‌తో డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ అయింది, పది ఫ్లాట్లు, చెరి ఐదు. మున్సిపల్ ప్లాన్ శాంక్షన్ చేతికొచ్చింది. నా వాటా ఐదే కాబట్టి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ అక్కర్లేదని ఏజెంట్లు అంటున్నారు. ఇద్దరు అడ్వాన్సు ఇస్తామని తిరుగుతున్నారు. తీసుకోవచ్చా? రెరా అయితే కొనేవాళ్ల డబ్బులో 70 శాతం విడి ఖాతాలో వేయాలట, అది ఇల్లు పూర్తయ్యేదాకా ఇరుక్కుపోతుందా?

రెరా ఫైలింగ్స్
వద్దండి, టోకెన్ అడ్వాన్సు కూడా వద్దు. 2016 రెరా చట్టం సెక్షన్ 3 ప్రకారం రిజిస్ట్రేషన్ కాకముందు ప్రకటన, బుకింగ్, అమ్మకం ఏదీ కుదరదు. ప్లాన్ శాంక్షన్ ఉన్నది కట్టడానికి, అమ్మడానికి రెరా రిజిస్ట్రేషన్ వేరే కావాలి.

లెక్క మీ వాటాది కాదు, ఆ స్థలంలో అన్ని దశల్లో కట్టే మొత్తం ఫ్లాట్లది. మినహాయింపు హద్దులు 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 598 గజాలు, ఇంకా ఎనిమిది ఫ్లాట్లు. మీకు రెండూ దాటాయి. ఓనర్ తన ఐదూ అమ్మకానికి పెడితే ఆయన కూడా ప్రమోటరే (చట్టం దృష్టిలో కట్టి అమ్మేవాడే), బాధ్యత ఇద్దరిదీ ఉమ్మడిగా ఉంటుంది. ఈ సంగతి ఆయనకు ఇప్పుడే చెప్పండి. తర్వాత తెలిస్తే సంతకాల దగ్గర పేచీ వస్తుంది, ఫైలు అక్కడే ఆగిపోతుంది.

రిజిస్టర్ చేయకపోతే ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం దాకా పెనాల్టీ. రెరా ఆదేశాలు వచ్చాక కూడా కొనసాగిస్తే మూడేళ్ల వరకు జైలు పడవచ్చు.

కొత్త బిల్డర్
ఎనిమిదికి కుదిస్తే బయటపడతానా?

రెరా ఫైలింగ్స్
చట్టంలో ఆ రెండు హద్దుల మధ్య ఉన్నది "లేదా". తిరకాసంతా అక్కడే. ఏదో ఒకటి లోపల ఉంటే చాలని కొందరు చదువుతారు. ఒకటి దాటినా రిజిస్ట్రేషన్ తప్పదని మరికొందరు. మీ స్థలం ఎలాగూ దాదాపు 543 చదరపు మీటర్లు. ఆ వాదన మీద డబ్బు పెట్టి కట్టడం నా దృష్టిలో తెలివైన పని కాదు. పదీ కట్టుకోండి, రిజిస్టర్ చేసుకోండి. కాగితాలు సరిగా ఉంటే 30 రోజుల్లో తేల్చాలి, తేల్చకపోతే రిజిస్టర్ అయినట్టే లెక్క.

ఫైల్లో తరచూ తప్పు పోయేవి రెండు. ఒకటి టైటిల్ అఫిడవిట్, అంటే స్థలం హక్కు గురించి ఇచ్చే ప్రమాణ పత్రం. స్థలం మీద బ్యాంకు తనఖా ఉంటే దాచకుండా రాయాలి. తప్పుడు సమాచారం ఇస్తే 5 శాతం దాకా పెనాల్టీ. రెండోది పూర్తి చేసే తేదీ. కొనేవాళ్లకు బాగుంటుందని 18 నెలలు రాసేస్తారు, ఆ తేదీయే మెడకు చుట్టుకుంటుంది. వరద, తుఫాను, భూకంపం లాంటివి కాకుండా వేరే కారణాలకు ఇచ్చే పొడిగింపు అంతా కలిపి ఏడాది మించదు. ఆలస్యమైతే కొన్నవాళ్లు తప్పుకుని వడ్డీతో సహా డబ్బు వెనక్కి అడగొచ్చు, లేదా తాళాలు ఇచ్చేదాకా నెలనెలా వడ్డీ అడగొచ్చు.

ఆడిట్ డెస్క్
70 శాతం గురించి. డబ్బేమీ ఇరుక్కుపోదు. కొనేవాళ్ల నుంచి వచ్చిన ప్రతి మొత్తంలో 70 శాతం విడి ఖాతాలోకి పోవాలి. అది ఈ ప్రాజెక్టు స్థలం ఖర్చుకీ నిర్మాణానికీ మాత్రమే. పని ఎంత శాతం పూర్తయిందో ఇంజినీరు, ఆర్కిటెక్టు, సీఏ ముగ్గురూ సర్టిఫై చేస్తే ఆ నిష్పత్తిలో తీసుకోవచ్చు.

ఉదాహరణకు స్థలం, నిర్మాణం కలిపి అంచనా 4 కోట్లు, పని 30 శాతం అయింది అనుకుందాం. అప్పటిదాకా మీరు తీయగలిగే గరిష్ఠ హద్దు 1.20 కోట్లు. బుకింగుల్లో వచ్చింది 50 లక్షలే అయితే ఖాతాలో ఉండేది 35 లక్షలు, అంతే తీయగలరు. మిగతా పని మీ సొంత పెట్టుబడితోనో అప్పుతోనో నడవాలి. చిన్న బిల్డర్లు చితికేది ఇక్కడే: స్లాబుల ఖర్చు బుకింగుల మీదే వెళ్లిపోతుందనుకుంటారు.

చెక్కులు పాత కరెంట్ ఖాతాలో వేసి "తర్వాత మార్చుదాం" అనుకోవద్దు. ఆర్థిక సంవత్సరం ముగిసిన ఆరు నెలల్లో ఈ ఖాతా ఆడిట్ కావాలి, ఆలస్యంగా మార్చినవన్నీ అక్కడ బయటపడతాయి. ఇంకొకటి, ఫ్లాటు ధరలో 10 శాతం మించి తీసుకోవాలంటే ముందు సేల్ అగ్రిమెంట్ రాసి రిజిస్టర్ చేయాల్సిందే.

సైట్ ఇంజినీర్
కాగితం పని అయ్యాక సైటు మీద మర్చిపోయేవి చెప్తాను.

ఫ్లాటు ఏరియా కార్పెట్ లెక్కలో, అంటే లోపల వాడుకునే నేల లెక్కలో, చూపాలి. బయటి గోడలు, షాఫ్టులు, బాల్కనీ, ఓపెన్ టెర్రస్ అందులోకి రావు. లోపలి పార్టిషన్ గోడలు వస్తాయి. 1,200 అడుగులని నోటితో చెప్పి అమ్మి, కార్పెట్ వేరేగా రాస్తే గొడవ అగ్రిమెంట్ దగ్గరే మొదలవుతుంది.

మెట్లు ఇటు జరపడం, పార్కింగులో గది వేయడం లాంటివి ఓనరూ మీరూ అనుకుంటే సరిపోదు. కొన్నవాళ్లలో కనీసం మూడింట రెండొంతుల మంది రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, మున్సిపాలిటీ అనుమతి అదనం.

తాళాలు ఇచ్చిన రోజు నుంచి ఐదేళ్ల దాకా నిర్మాణ లోపం, నాసిరకం పని ఏది చూపించినా 30 రోజుల్లో ఉచితంగా బాగు చేయాలి. బాత్‌రూం లీకేజీ మీద వచ్చే ఫిర్యాదులే ఎక్కువ. టైల్స్ వేయకముందు వాటర్‌ప్రూఫింగ్ చేసి, నీళ్లు నిలబెట్టి పరీక్షించి, కింది ఫ్లాటు సీలింగు ఫొటో తేదీతో దాచుకోండి. ప్లంబింగ్, వాటర్‌ప్రూఫింగ్ సబ్‌కాంట్రాక్టర్లతో కూడా అంతే కాలం బాధ్యత రాయించుకోండి, లేదంటే ఆ ఐదేళ్లూ మీ ఒక్కరి జేబు మీదే పడుతుంది.

నంబరు వచ్చాక సైటు బోర్డు మీద, కరపత్రం మీద, వాట్సాప్‌లో తిప్పే బ్రోచర్ మీద కూడా రిజిస్ట్రేషన్ నంబరూ రెరా వెబ్‌సైటూ ఉండాలి. ఇప్పటికే పెట్టిన బోర్డు ఏదైనా ఉంటే ముందు అది దించేయండి.