ప్లైవుడ్ ఫ్లోర్ మీద చెక్క పలకల పెయింట్: అతుకులు కనపడకుండా ఎలా?

ప్రశ్న: అమెరికాలో ఇల్లు. కార్పెట్ పీకేస్తే కింద ప్లైవుడ్ సబ్‌ఫ్లోర్ (పై ఫ్లోరింగ్ కింద ఉండే అడుగు నేల). పలకలు పరిచినట్టు పెయింట్ వేయాలి. షీట్ల అతుకులు ఎలా దాచాలండీ?

జవాబు: దాచకండి, పలకల మధ్య వేసే గీతల్లో కలిపేయండి. షీటు వెడల్పు 48 అంగుళాలైతే 6 అంగుళాల పలకలు సరిగ్గా ఎనిమిది. అంచులు ఒకదాన్లో ఒకటి దూరే రకమైతే పైకి కనపడేది చాలాసార్లు 47½ అంగుళాలే. కొలిచి ఎనిమిదో వంతు వేసుకోండి. కార్పెట్ పిన్నులన్నీ పీకి, స్క్రూ గుంతల్లో వుడ్ ఫిల్లర్ పెట్టి, 80, తర్వాత 120 నంబరు శాండ్‌పేపర్‌తో రుద్దండి.

ప్రశ్న అడిగినవారు: మరి షీట్ల చివర్లు కలిసే అడ్డం అతుకు?

జవాబు: అదే చిక్కు, ఎనిమిది పలకలకీ ఒకేచోట పడుతుంది. పెయింట్ పట్టే అక్రిలిక్ కాక్ (caulk, సందులు నింపే సాగే పేస్టు) పల్చగా నింపండి. గట్టి పుట్టీ అయితే చెక్క కదిలినప్పుడు పగులుతుంది. సిలికాన్ మీద పెయింట్ నిలవదు.

ఇంకొకరు: ప్రైమర్ మీద ముందు గీత రంగు, ముదురు గోధుమ. ఆరాక గీతలు రావాల్సిన చోట పావు అంగుళం టేపు అంటించి, దాని అంచుల మీద మళ్లీ అదే గోధుమ రంగు ఒక పూత. ఇది మానేస్తే పై రంగు టేపు కిందకి పాకి గీత రంపపు పళ్లలా తేలుతుంది. తర్వాత లేత రంగు. చివరి పూత తడి మీదుండగానే టేపు లాగేయాలి. పైన వాటర్‌బేస్ పాలియురేథేన్ (పెయింట్‌ని కాపాడే పారదర్శక పూత) మూడు పూతలు. ఆయిల్‌ది వద్దండీ, లేత రంగు పసుపెక్కుతుంది.