హీమో, హెమటో రూపాల మధ్య నియమం ఏదైనా ఉందా?
వైద్య పరిభాష తెలిసిన పెద్దలకు నమస్కారం. ఇంటర్ వరకు తెలుగు మాధ్యమంలో చదివి నర్సింగ్‌లో చేరిన విద్యార్థినులకు వైద్య పదాల నిర్మాణం బోధిస్తున్నాను. గ్రీకులో రక్తాన్ని హైమా అంటారనీ, దాని షష్ఠీ రూపం హైమటోస్ అనీ, హీమో, హెమటో అనే పూర్వాంశాలూ, పదం చివర వచ్చే ఎమియా కూడా అక్కడి నుంచే వచ్చాయనీ చెప్పడం వరకు ఇబ్బంది లేదు. చిక్కంతా ఆ తరువాతే.

దగ్గులో రక్తం పడితే హీమాప్టిసిస్, వాంతిలో పడితే హెమటెమిసిస్; ఊపిరితిత్తుల చుట్టూ ఉన్న కుహరంలో చేరితే హీమోథొరాక్స్, కణజాలంలో గూడుకట్టి నిలిస్తే హెమటోమా. హెమటూరియా (మూత్రంలో రక్తం పడటం) వంటి పదాలను చూసి, అచ్చుకు ముందు హెమట్ వస్తుందని చెబుదామంటే, అచ్చు ముందున్నా హెమ్ మాత్రమే ఉన్న హెమాంజియోమా (రక్తనాళాల గడ్డ) అడ్డం వస్తోంది. దీనికి వ్యాకరణపరమైన కారణం ఉందా, లేక పదాన్ని కల్పించినవారి ఇష్టమే నిలిచిపోయిందా? (బ్రిటిష్, అమెరికన్ వర్ణక్రమాల తేడా మరో తలనొప్పి, కానీ అది పిల్లలకు త్వరగానే అలవాటవుతుంది.)

ఎమియా విషయంలోనూ ఇటువంటి సందేహమే ఉంది. యురీమియా (మూత్రంలో పోవలసిన వ్యర్థాలు రక్తంలో చేరడం), బాక్టీరిమియా (రక్తంలో బాక్టీరియా చేరడం) అన్నప్పుడు అది రక్తంలో చేరినదాన్ని చెబుతుంది. ఇస్కీమియాలో మాత్రం అవయవానికి రక్తసరఫరా తగ్గడాన్ని చెబుతుంది. 1847లో జర్మన్ వైద్యుడు విర్కో రక్త క్యాన్సర్‌కు పెట్టిన లుకేమియా అనే పేరుకు తెల్లరక్తమనే అర్థం. అందుచేత ఎమియాను "రక్తంలో ఉండటం" అని ఒక్క మాటలో నేర్పితే తప్పవుతుందేమో, అనుభవజ్ఞులు దయచేసి వివరించగలరు.