భూతాన్ని తెరపై చూపాలా, దాచాలా? ‘నైట్ ఆఫ్ ద డీమన్’పై చర్చ

పాతరీలు:
జాక్ టూర్నర్ దర్శకత్వంలో 1957లో వచ్చిన ‘నైట్ ఆఫ్ ద డీమన్’ను హారర్ అభిమానుల్లో సైతం చాలామంది చూసి ఉండరు. మంత్రాక్షరాలు రాసిన ఒక చిన్న కాగితం ఎవరి చేతికి చేరితే, గడువు తీరగానే ఒక భూతం వచ్చి వారిని చంపుతుంది; ఆలోగా దాన్ని ఇచ్చినవాడికే తిరిగి అంటగట్టగలిగితే ప్రాణం దక్కుతుంది. ఈ భూతం సినిమా మొదట్లోనే దగ్గరి షాట్లలో కనిపిస్తుంది. నిర్మాత పట్టుబట్టి వాటిని పెట్టించాడని టూర్నర్ తర్వాత ఇంటర్వ్యూలలో చెప్పాడు.

ఆ షాట్లు సినిమాకు తీరని నష్టం చేశాయని నా అభిప్రాయం. కథానాయకుడు హోల్డెన్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఇలాంటివి ఏమాత్రం నమ్మని మనిషి. అతని అపనమ్మకం మెల్లమెల్లగా కరుగుతుంటే మనదీ కరగాలి. ఒక సన్నివేశంలో ఆ కాగితం అతని దగ్గర నుంచి ఎగిరి, నేరుగా మండుతున్న పొయ్యి వైపు వెళ్లి, ముందున్న అడ్డుకు అతుక్కుని రెపరెపలాడుతుంది. అది గాలికి ఎగిరిందా, కాలి బూడిదైపోవాలని తనంతట తానే పరుగెత్తిందా? భూతం ముఖాన్ని ముందే చూసేసిన మనకు ఈ ప్రశ్నే పుట్టదు.

నిశిరాత్రి:
పాతరీలు గారూ, మీరు చెప్పిన సన్నివేశమే నా వాదనకు ఆధారం. ఆ కాగితం వెనుక ఏముందో మనకు తెలుసు, హోల్డెన్‌కు తెలియదు. కాబట్టే అది పొయ్యి వైపు ఎగిరినప్పుడు మనం కుర్చీ అంచుకు జరుగుతాము. ఏమీ చూడకపోతే అది ఉత్త కాగితమే కదా?

రష్యన్ భాషా రచయిత గోగోల్ కథ ఆధారంగా 1967లో సోవియట్ యూనియన్‌లో తీసిన ‘వీయ్’ను చూడండి. చనిపోయిన యువతి శవపేటిక పక్కన ఒక విద్యార్థి మూడు రాత్రులు ప్రార్థనలు చదవాలి. తన చుట్టూ సుద్దతో గీసుకున్న గీత తప్ప అతనికి వేరే రక్షణ లేదు. మూడో రాత్రి గోడల్లోంచి పిశాచాలు దిగివస్తాయి, చివరికి తన కనురెప్పలు ఎత్తమని అడుగుతూ వాటి నాయకుడు వీయ్ వస్తాడు. రెండు రాత్రులు ఊరించి, మూడో రాత్రి నీడలతో సరిపెట్టి ఉంటే అది ప్రేక్షకుడికి చేసిన అన్యాయమే అయ్యేది.

పాతరీలు:
వీయ్ వచ్చేది మూడో రాత్రి, మొదటి రాత్రి కాదు. నేను అడుగుతున్నదీ అదే. ఇదే టూర్నర్ 1942లో తీసిన ‘క్యాట్ పీపుల్’లో ఈతకొలనులో ఒంటరిగా చిక్కుకున్న స్త్రీ చుట్టూ నీటి వెలుగు గోడల మీద కదులుతుంది, ఎక్కడినుంచో గుర్రుమన్న శబ్దం వస్తుంది, ఆ తర్వాత ఆమె గౌను చీలికలు పేలికలుగా దొరుకుతుంది. అక్కడ జంతువు మన కంటపడదు. ఆ కొలను దగ్గరికి చిరుతను తీసుకొచ్చి నిలబెట్టి ఉంటే ఇన్నేళ్ల తర్వాత దాని గురించి మాట్లాడుకునేవాళ్లమా?

ఛాయాచిత్రం:
‘లేక్ మంగో’ చూడనివారు ఈ వ్యాఖ్యను దాటవేయండి, కథ బయటపడుతుంది. 2008లో వచ్చిన ఈ ఆస్ట్రేలియన్ చిత్రం, నీట మునిగి చనిపోయిన ఆలిస్ అనే అమ్మాయి కుటుంబంపై తీసిన డాక్యుమెంటరీలా నడుస్తుంది. ఇంట్లో తీసిన ఫోటోలలో ఆమె రూపం కనిపిస్తుంది. అవి సొంత సోదరుడే సృష్టించినవని తర్వాత తేలుతుంది. అలా మన నమ్మకాన్ని పూర్తిగా తుడిచేశాక, ఆలిస్ తన చేతులతో పాతిపెట్టిన ఫోన్ దొరుకుతుంది. అందులోని మసక వీడియోలో చీకట్లోంచి ఒక ఆకారం ఆమె వైపు నడిచి వస్తుంది. దగ్గరికి వచ్చాక అది ఉబ్బిపోయిన ఆమె ముఖమే, చనిపోయాక ఎలా ఉండబోతోందో అలా.

దర్శకుడు ఇక్కడ ఏదీ దాచలేదు. ముఖాన్ని నిదానంగా చూపించాడు, అయినా అదేమిటో మనం తేల్చుకోలేము. చూపించగానే సందేహం చచ్చిపోతుందన్న పాతరీలు గారి మాటను అందుకే నేను ఒప్పుకోలేకపోతున్నాను. టూర్నర్ సినిమాలో మనకు కనిపించినది సందేహానికి చోటివ్వని భూతం కాబట్టే అక్కడ నష్టం జరిగింది.

పాతరీలు:
ఈ మాటకు నేను తలవంచుతున్నాను. నిశిరాత్రి గారికీ ఒకటి ఒప్పుకుంటాను: చివర్లో, హోల్డెన్‌కు ఆ కాగితం ఇచ్చిన మాంత్రికుడు కార్స్‌వెల్ తనకే తిరిగొచ్చిన ఆ కాగితం కోసం రైలు పట్టాల వెంట పరుగెత్తే చోట భూతం రావడం న్యాయమే, అప్పటికి హోల్డెన్ కూడా నమ్మేశాడు. మొదటి దర్శనాన్ని మాత్రం తీసేయాలంటాను. సినిమా మొదట్లో భూతం బారిన పడే ప్రొఫెసర్ కారు వెనక్కి వెళ్లి స్తంభాన్ని గుద్దుతుంది, కరెంటు తీగలు తెగిపడతాయి. అక్కడితో ఆపితే ఆయన తీగలు తగిలి పోయాడన్న మాటను హోల్డెన్‌తో పాటు మనమూ నమ్మేవాళ్లం.

నిశిరాత్రి:
చెట్ల నడుమ మొదట లేచే ఆ పొగను ఉంచండి, ముఖాన్ని తీసేయండి. అంతవరకైతే నాకు అభ్యంతరం లేదు.