ములుగు అడవుల్లో పాడుబడిన రాతి ఇళ్లు: ఏది ఎవరిదో ఎలా పోల్చుకోవాలి?

ములుగు బాటసారి

అందరికీ నమస్కారం. తాడ్వాయి వైపు అడవిలో, అటవీ శాఖ అనుమతి తీసుకుని, ఆ ప్రాంతమంతా ఎరిగిన ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని నడుస్తున్నప్పుడు, వాగు దాటిన తరువాత ఒక మిట్ట మీద మోకాలెత్తు రాతిగోడలు కనిపించాయి. గది ఆకారం స్పష్టంగా తెలుస్తున్నది. దర్వాజ ఉండవలసిన చోట రెండు నిలువురాళ్లు ఇంకా నిలబడే ఉన్నాయి. పైకప్పు లేదు, లోపల ఒక జువ్వి చెట్టు పెరిగి వేళ్లతో ఒక గోడను పూర్తిగా చుట్టేసింది. వెంట వచ్చిన పెద్దమనిషి వాటిని రాకాసి గుళ్లు అన్నారు గానీ, దామెరవాయిలో చూసిన రాకాసి గుళ్లకూ వీటికీ నాకు పోలిక కనిపించలేదు. ఇటువంటి కట్టడాలను చూసినవారు, వాటి కాలాన్నీ అవసరాన్నీ ఎలా అంచనా వేశారో, చూసేటప్పుడు ఏమేం పాటించారో వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

హనుమకొండ మాస్టారు

మీ అనుమానం సరైనదే. రాకాసి గుళ్లు సమాధులు, ఇళ్లు కావు. ఇనుము వాడకం మొదలైన కాలపు మనుషులు నాలుగు వైపులా పెద్ద పలకరాళ్లను నిలబెట్టి, పైన ఒకే బండను కప్పి, లోపల రాతిని తొలిచిన తొట్టిలో చనిపోయినవారి అస్థికలను ఉంచారు. దామెరవాయిలోనూ, పినపాక వైపున్న జానంపేటలోనూ కనిపించేవి ఇవే. వాటిలో చిన్న రాళ్లను వరుసలుగా పేర్చిన గోడ ఉండదు, మూల కలిపిన కట్టు ఉండదు, మనిషి నిటారుగా నడిచి వెళ్లే దర్వాజ అసలే ఉండదు. మీరు చెప్పిన గదికి ఇవన్నీ ఉన్నాయి కాబట్టి అది మనుషులు బతికిన చోటే అయి ఉండాలి.

మన వైపు గోదావరి లోయలో ఎక్కువగా ఉన్నది ఇసుకరాయి. అది పొరలు పొరలుగా విడివడుతుంది కనుకనే అంతంత పెద్ద పలకలు ఆనాటివారికి దొరికాయి. వరంగల్, హనుమకొండ చుట్టూ గ్రానైటు గుండ్లే ఎక్కువ కాబట్టి, ఇటువైపు అదే కాలపు సమాధులు చాలావరకు గుండ్లను వలయంగా పేర్చినవై ఉంటాయి. ఎక్కడి రాయి స్వభావాన్ని బట్టి అక్కడి కట్టడం ఉంటుందనే సంగతి గుర్తుంచుకుంటే, అడవిలో సగం ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది.

ఇంకొక మాట. రామప్ప గుడి 1213 నాటిది కాబట్టి చుట్టుపక్కల అడవిలో ఉన్న ప్రతి రాతిగోడా కాకతీయుల కాలానిదే అనుకునే అలవాటు మనలో బలంగా ఉంది. ఆ అలవాటు వల్ల, నూరేళ్ల కిందటి సామాన్యుల ఇళ్లు ఎవరి లెక్కలోకీ రాకుండా పోతున్నాయి. కాకతీయుల గుడులకు చరిత్ర రాసినవారు ఎందరో ఉన్నారు, ఖాళీ అయిపోయిన ఒక పల్లెకు రాసేవారు మాత్రం అరుదు.

ఉలి సుత్తె

మాది తరతరాలుగా రాతిపని చేసే కుటుంబం. గోడను చూసినప్పుడు నేను ముందుగా రాయి మీది దెబ్బలనూ, తరువాత రాళ్ల మధ్య ఉన్న సందునూ చూస్తాను.

రాయి అంచున వరుసగా చదరపు గుంతల సగాలు కనిపిస్తే, దానిని చేత్తో చీల్చారని అర్థం. ఉలితో గుంతలు తొలిచి, వాటిలో ఇనుప చీలలు దిగ్గొట్టి, సమ్మెటతో ఒకదాని తరువాత ఒకటిగా కొడుతూ పోతే బండ తిన్నగా పగులుతుంది. ఈ పద్ధతి చాలా పాతది, మా తాతల కాలం దాకా అదే నడిచింది కనుక గుంతలను చూసి మాత్రమే కాలం చెప్పడం కుదరదు. అయితే రాయి అంచున పొడవాటి గుండ్రని గాడి, అంటే నిలువునా సగానికి కోసిన గొట్టం వంటి గుర్తు ఉంటే, అది కంప్రెషర్ యంత్రంతో వేసిన రంధ్రం. ఆ రాయి మన కాలానిదే.

ఇక సందు సంగతి. పల్లెటూరి ఇళ్లలో ఎక్కువ భాగం మట్టితో కట్టినవే. గోడకు లోపలి ముఖం, బయటి ముఖం రెండూ పెద్ద రాళ్లతో పేర్చి, నడుమ చిన్న రాళ్లూ మట్టీ నింపుతారు. రెండు ముఖాలనూ పట్టి ఉంచడానికి అక్కడక్కడ గోడ మందమంతా పొడవున్న రాయిని అడ్డంగా వేస్తారు. పైకప్పు పోయిన తరువాత వాన నేరుగా గోడ నెత్తిన పడి, నడిమి మట్టిని కరిగించి కిందికి లాగేస్తుంది. అప్పుడు గోడ బొజ్జ కట్టి బయటికి ఉబ్బుతుంది. అలా ఉబ్బిన గోడ ఎప్పుడు ఒరిగిపోతుందో చెప్పలేము. దాని మీదికి ఎక్కకూడదు, ఆనుకుని కూర్చోకూడదు, దాని పక్కన నిలబడి ఫొటో కూడా దిగకూడదు. జువ్వి, రావి, మర్రి వేళ్లు పట్టుకున్న గోడ గట్టిగా కనిపిస్తుంది గానీ, ఆ వేళ్లే రాళ్లను విడదీస్తున్నవి కూడా. వాటిని నరికితే గోడ నిలుస్తుందనుకోవడం పొరపాటు, నరికిన రోజునే కూలవచ్చు.

సందులో తెల్లగా, గోటితో గీకినా రాలని పదార్థం ఉంటే అది డంగు సున్నం. సున్నం వాడిన ఇల్లు పేదవాడిది కాదు. దగ్గరలో నేల మీద గుండ్రని రాతి కాలువ కనిపించిందేమో చూడండి. ఎద్దులతో బరువైన రాతి చక్రాన్ని తిప్పి సున్నాన్ని నూరిన గానుగ అది. గానుగ ఉన్నదంటే అక్కడ గడీయో, గుడియో, సర్కారు బంగళాయో కట్టారన్నమాట.

బాటసారి గారూ, మీ గోడల సందులో ఏముంది? పైకప్పు పెంకులు ఏమైనా కనిపించాయా?

చింతల తోవ

రాతి గురించి అన్నగారు చెప్పిన తరువాత నేను చెప్పేందుకు ఏమీ లేదు. నేను గోడల చుట్టూ ఉన్నవాటి గురించి రాస్తాను.

మా నానమ్మ పుట్టిన ఊరు ఇప్పుడు లేదు. గత్తర (కలరా) వచ్చి వారం రోజుల్లోనే ఇంటింటా మనుషులు పోతే, మిగిలినవారు పశువులను తోలుకుని రోడ్డు పక్క ఊరికి తరలిపోయారని ఆమె చెప్పేది. రెవెన్యూ రికార్డులలో ఇటువంటి వాటిని బేచిరాక్ గ్రామాలని రాస్తారు. మనుషులు లేకపోయినా ఆ ఊరి పేరూ, హద్దులూ కాగితాలలో అలాగే ఉంటాయి. అందువల్ల రాతిగోడలు కనిపించిన చోట ఒకప్పుడు ఊరున్నదో లేదో తేల్చుకోవడానికి తహసీల్దారు కార్యాలయంలోని గ్రామ నక్షా మంచి ఆధారం. సర్వే ఆఫ్ ఇండియా వారి టోపోషీట్లలో, అంటే వివరమైన పటాలలో కూడా, జనం లేని ఊళ్లకు వేరే గుర్తు ఉంటుంది.

అడవిలో మనుషుల జాడను చెట్లు బాగా చెబుతాయి. టేకు, మద్ది, తునికి చెట్ల నడుమ ఒక్కసారిగా పాత చింతచెట్లు నాలుగైదు ఒకేచోట కనిపిస్తే, వాటిని ఎవరో నాటారనే అనుకోవాలి. వేప కూడా అంతే. సీతాఫలం మాత్రం అంత నమ్మదగిన ఆనవాలు కాదు, అది ఎక్కడైనా మొలుస్తుంది. తరువాత నేల రంగు చూడండి. ఊరున్న చోట తరతరాల బూడిద, పేడ, చెత్త కలిసి మట్టి బూడిదరంగుకు మారి, పొడిపొడిగా ఉంటుంది. పాటిగడ్డ అంటే అదే. రైతులు ఆ పాటిమన్నును బండ్లకెత్తుకుని పొలాలకు తోలేవారు. కుండపెంకులు, విరిగిన విసుర్రాయి, సగం పాతుకుపోయిన రోలు, పశువుల కుడితి తొట్టి దొరికే చోటు అదే. అన్నింటికంటే ముఖ్యమైనది బొడ్రాయి. ఊరి నడుమ పాతిన ఆ రాయిని, ఊరు వదిలి వెళ్లినవారు కూడా పెకిలించరు. ఇంటి రాళ్లను ఎవరైనా బండి కట్టి తీసుకుపోవచ్చు, దానిని మాత్రం తాకరు.

ఒక మనవి. రోలు కనిపిస్తే ఇంటికి తెచ్చుకుని వాకిట్లో అలంకారంగా పెట్టుకునేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. అది ఉన్నచోట ఉంటేనే అక్కడ వంటిల్లు ఉండేదని తరువాత వచ్చినవారికి తెలుస్తుంది.

మంచిర్యాల నడక

మా వైపు మందమర్రి దగ్గర బొక్కలగుట్ట పక్కనున్న గాంధారి ఖిల్లాలో, పెద్దపల్లి జిల్లా రామగిరి ఖిల్లాలో కూడా ఇటువంటి గోడలు చూశాను. కోట లోపలి గోడలనూ పల్లె గోడలనూ వేరు చేయడానికి నేను నీటి ఏర్పాటును చూస్తాను. కోటలో రాతిని తొలిచి వాననీరు నిలిపిన తొట్లూ కుంటలూ ఉంటాయి, పల్లె అయితే వాగు పక్కన బావి ఉంటుంది. మీరు వాగు దాటి మిట్ట ఎక్కామన్నారు కాబట్టి మీది పల్లెనే అని నా అంచనా.

బీటు దారి

నేను అడవి కాపలా పని చేసి విరమించుకున్నవాడిని. కొన్ని జాగ్రత్తలు తప్పనిసరిగా రాయాలి.

ఏటూరునాగారం, పాకాల అభయారణ్యాలలోకి అనుమతి లేకుండా వెళ్లడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. రేంజ్ కార్యాలయంలో ముందుగా అడిగి, స్థానికులను వెంటబెట్టుకుని వెళ్లాలి. బాటసారి గారు అలాగే చేయడం సంతోషం.

పాడుబడిన గోడల దగ్గర అందరూ పాములకు భయపడతారు. అది మంచిదే, రాళ్ల సందులో చెయ్యి పెట్టకూడదు. కానీ నేను ఎక్కువగా భయపడేది రెండింటికి. ఒకటి, గట్టులేని బావి. ఊరు పోయినా బావి పోదు, దాని మీద తీగలు అల్లుకుని నేల మాదిరే కనిపిస్తుంది. చింతచెట్లు కనిపించగానే అడుగు తగ్గించి, కర్రతో నేల తడుముతూ నడవాలి. రెండవది, బండల అంచులకూ పెద్ద చెట్లకూ వేలాడే పెద్ద తేనెతుట్టెలు. వాటి కింద పొగ పెట్టవద్దు, కేకలు వేయవద్దు, అత్తరు పూసుకుని రావద్దు.

కాలం విషయానికి వస్తే, కార్తీకం నుంచి మాఘం వరకు మంచిది. వానలు పోయాక గడ్డి ఎండి గోడలు బయటపడతాయి, వాగులు తగ్గుతాయి. ఇప్పపువ్వు రాలే రోజుల్లో తెల్లవారుజామున అడవిలోకి వెళ్లకండి, ఆ పువ్వు కోసం ఎలుగుబంట్లు కూడా అదే వేళకు వస్తాయి. ఎండాకాలంలో ఎండుటాకు మీద ఒక్క బీడీ ముక్క పడినా కొండ మొత్తం అంటుకుంటుంది.

ములుగు బాటసారి

అందరికీ కృతజ్ఞతలు. తీసిన ఫొటోలను మళ్లీ జాగ్రత్తగా చూశాను. గోడల సందులో మట్టి తప్ప సున్నం లేదు. గది వెనుక వైపు పెద్ద చింతలు ఉన్నాయి. నేల మీద ఎర్రని చదును పెంకుల ముక్కలు ఉన్నాయి, ఒకదాని మీద ఇంగ్లీషు అక్షరాలు అచ్చుపోసినట్టు కనిపిస్తున్నాయి. అది ఏ పెంకు అయి ఉంటుంది? ఆ స్థలం గూగుల్ మ్యాప్ గుర్తును ఇక్కడ పెట్టమంటారా?

ఉలి సుత్తె

అక్షరాలు అచ్చుపోసినది బంగళా పెంకు. ఆ రకం పెంకులను మన దేశంలో మొదట తయారుచేసింది మంగళూరులో, 1865లో బాసెల్ మిషన్ వారు పెట్టిన కార్ఖానా. కాబట్టి మీరు చూసిన కప్పు అంతకంటే పాతది కాదు, అడవి లోపలికి ఆ పెంకు చేరేసరికి ఇంకా చాలా ఏళ్లు పట్టి ఉంటుంది. అయితే గోడ పాతదై, గూనపెంకు తీసేసి బంగళా పెంకు వేసి ఉండవచ్చు. గోడను, కప్పును విడివిడిగా లెక్కించాలి. మట్టితో కట్టిన రాతిగోడకు బంగళా పెంకు వేయించగలిగినవాడంటే కాస్త కలిగిన రైతో, పటేలో అయి ఉంటాడు. సాధారణంగా కోయగూడేల ఇళ్లు కర్ర, తడిక, మట్టితో కట్టినవి కనుక ఇది గూడెం కాకపోవచ్చు.

హనుమకొండ మాస్టారు

స్థలం గుర్తును దయచేసి ఇక్కడ పెట్టవద్దు. గుప్తనిధులు ఉన్నాయన్న నమ్మకంతో రాత్రిపూట తవ్వేవారు మన జిల్లాలన్నింటిలో ఉన్నారు. గర్భగుడి నేలను, వీరగల్లు (చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి) అడుగును, చివరికి సమాధి బండలను కూడా పగలగొట్టిన చోట్లను నేను కళ్లారా చూసి చాలా బాధపడ్డాను. ఒక పేదరైతు ఇంటి కడప కింద బంగారం ఉంటుందని ఎవరు నమ్మించారో గానీ, ముందుగా తవ్వేది కడపనే. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన విలువ గల ఏ వస్తువునైనా కలెక్టరుకు తెలపాలి, దాచుకోవడం నేరం. వారసత్వ కట్టడాల రక్షణకు 2017లో తెలంగాణకు ప్రత్యేక చట్టం కూడా వచ్చింది.

మీరు చేయగలిగింది ఉంది. ప్రతి గోడ పొడవును టేపుతో కొలిచి, దర్వాజ ఏ దిక్కుకు ఉందో రాసుకుని, పెంకు ముక్కను కదపకుండా పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, స్థలం వివరాలతో సహా రాష్ట్ర వారసత్వ శాఖకూ అటవీ రేంజ్ అధికారికీ పంపండి. ఇక్కడ మాత్రం కొలతలూ ఫొటోలూ చాలు.

మంచిర్యాల నడక

మాస్టారు గారితో ఒక చిన్న భేదాభిప్రాయం. పూర్తిగా దాచిపెడితే, రేపు రోడ్డు పనులకు ఆ రాళ్లను ఎత్తుకుపోయినా అడిగేవారు ఉండరు. కనీసం దగ్గరి గ్రామ పంచాయతీకైనా తెలియాలి.

హనుమకొండ మాస్టారు

అంగీకరిస్తున్నాను. పక్క ఊరివారికి తెలియడం రక్షణ, ముక్కూ మొహం తెలియనివారందరికీ తెలియడం ప్రమాదం.

చింతల తోవ

పక్క ఊరివారి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. బాటసారి గారూ, ఊరు వదిలి వెళ్లినవారు దేవతను వదలరు. మా నానమ్మ ఊరివారు ఇప్పటికీ శ్రావణంలో ఒక రోజు పాత ఊరి పోచమ్మకు బోనం చేసి వస్తారు. మీ మిట్ట దగ్గర వేపచెట్టు కింద పసుపు పూసిన రాళ్లు గానీ, పగిలిన కొత్త కుండలు గానీ ఉన్నాయేమో ఫొటోల్లో వెతకండి. ఉంటే, ఆ ఇల్లు ఎవరిదో ఇంటిపేరుతో సహా చెప్పగలిగినవారు ఇంకా ఉన్నట్టే. శ్రావణంలో వాగు నిండుగా ఉంటుంది కనుక మీరు అడవిలోకి వెళ్లనక్కర లేదు. వారు ఏ ఊరి నుంచి వస్తారో బీటు అధికారిని అడిగి, ఆ ఊరికే వెళ్లి పెద్దవారిని కలవండి.