సముద్రపు పాచిలో ఫ్యాటీ యాసిడ్లు: పామిటిక్ తప్ప ఏమీ రావట్లేదు

అన్నా, మాది తిరుపతి, ఎమ్మెస్సీ ప్రాజెక్టు. తమిళనాడులోని మండపం తీరం నుంచి సర్గాసం, గ్రాసిలేరియా అనే పాచి రకాలు తెచ్చి హాస్టల్ మిద్దె మీద మూడ్రోజులు ఎండబెట్టి పొడికొట్టి, క్లోరోఫామ్ మెథనాల్‌తో నూనె తీసి దాంట్లోని యాసిడ్లని తేలిగ్గా ఆవిరయ్యే మిథైల్ ఎస్టర్లు చేసి జీసీలో (గ్యాస్ క్రొమటోగ్రాఫ్, ఒక్కో యాసిడ్‌ని విడదీసి గ్రాఫులో ఒక్కో పీకుగా చూపే మిషను) పెడితే పామిటిక్ ఒక్కటే కొండంత పీకు. ఎర్ర పాచి గ్రాసిలేరియాలో అరాకిడోనిక్ (నాలుగు డబుల్ బాండ్ల యాసిడ్) బాగా ఉంటదన్నారు, జాడే లేదు, పైగా చివర్లో ఏందో తెలీని పీకొకటి. యాడ తప్పు చేసినా?

> మిద్దె మీదనా, అదీ మన తిరుపతి ఎండలో! వడియాలనుకున్నావా తమ్ముడూ. డబుల్ బాండ్లు ఎక్కువున్న యాసిడ్లకి వేడి, వెలుతురు, గాలి మూడూ పడవు, ఆక్సిడైజ్ అయిపోయుంటాయి. పామిటిక్ సాచురేటెడ్, అంటే డబుల్ బాండ్లే లేవు కాబట్టి అది తట్టుకుంటది. ఈసారి ఐస్‌లో తెచ్చి ఫ్రీజ్ డ్రై చెయ్ (గడ్డకట్టించి వ్యాక్యూమ్‌లో ఆరబెట్టు), సాల్వెంట్‌లో కాస్త బీహెచ్‌టీ (ఆక్సిడైజ్ కాకుండా ఆపేది) వెయ్.

>> చివరి పీకు సంగతి, ప్లాస్టిక్ ట్యూబులు వాడినావా? క్లోరోఫామ్ వాటిలోంచి థాలేట్లు (ప్లాస్టిక్‌ని మెత్తబరచడానికి కలిపేవి) లాగేస్తది. గాజు ట్యూబుల్లో పాచి లేకుండా బ్లాంక్ ఒకటి నడుపు. పాత ట్యూబుల్తో కూడా ఒకటి నడుపు, దాంట్లో మాత్రమే వస్తే దొంగ దొరికినట్టే. పాచిలో నూనె ఎండు బరువులో మామూలుగా 1 నుంచి 5 శాతమే, అంత తక్కువలో చిన్న మురికి కూడా పెద్దగా కనపడతది. ఇంకోటి, సి19:0 స్టాండర్డ్ (పాచిలో మామూలుగా ఉండని 19 కార్బన్ల యాసిడ్) తూచి నూనె తీయకముందే వెయ్, దాని పీకుతో పోల్చితే శాతాలు కాదు మిల్లీగ్రాములు వస్తాయి.

ప్లాస్టిక్‌వే అన్నా 🙏 పొడి డబ్బా కూడా కిటికీ పక్కనే పెట్టినా. మళ్ళీ మండపం పోవాల్సిందే, ఈసారి ఐస్ పెట్టెతో.