కౌన్సిలర్ నుంచి సెనేటర్: ఐర్లండ్‌లో ఇది సేవకు దక్కిన మెట్టా, దొడ్డిదారా?

కృష్ణాతీరం:
కార్క్ నగరానికి చెందిన జెర్రీ బటిమర్ మొదట ఉపాధ్యాయుడు. 2004లో నగర కౌన్సిలర్ అయ్యారు, 2007లో సెనేటర్, 2011లో దిగువ సభ అయిన డాల్‌లో సభ్యుడు. 2016లో ఓటర్లు ఓడించారు. అదే ఏడాది సెనేట్‌కు ఎన్నికై సభానాయకుడయ్యారు, 2022 డిసెంబరులో సభాధ్యక్షుడయ్యారు. 2024లో మళ్లీ డాల్‌కు గెలిచారు. మనిషి కష్టజీవే, కాదనను. కానీ ప్రజలు వద్దన్న కొద్ది నెలలకే పై సభలో కూర్చోవడం దొడ్డిదారి కాక మరేమిటి? పైగా 2013లో ఆ సభను రద్దు చేస్తామని రెఫరెండం పెట్టింది ఆయన పార్టీ ఫైన్ గేల్ నడిపిన ప్రభుత్వమే.

మాజీ ఎంపీటీసీ:
దొడ్డిదారి అనే మాట వెనక్కి తీసుకోండి. అక్కడ 60 మంది సెనేటర్లలో 43 మందిని ఎన్నుకునేది ఎవరు? 949 మంది నగర, కౌంటీ కౌన్సిలర్లు, కొత్తగా గెలిచిన డాల్ సభ్యులు, దిగిపోతున్న సెనేటర్లు. అభ్యర్థి దేశమంతా కారులో తిరిగి ఒక్కొక్క కౌన్సిలర్ ఇంటి తలుపు తట్టాలి. ఎన్నికైనవారు వేసిన ఓటు ఓటు కాదా?

పట్టభద్రురాలు:
2013లో 51.7 శాతం మంది రద్దు వద్దన్నారు. అది కూడా చెప్పండి.

కృష్ణాతీరం:
పోలైందే 39 శాతం. అందులో 51.7. దాన్ని ప్రజల తీర్పు అని ఊరేగించకండి. నా ప్రశ్న 2016 గురించి.

డబ్లిన్‌వాసి:
నేను ఇక్కడ ఉండి రాస్తున్నాను. 2019 మేలో కౌన్సిల్ ఎన్నికలు జరిగాయి. మా బస్టాపు పక్కన వీధిదీపం నెలల తరబడి వెలగలేదు. నా భార్య రాత్రి డ్యూటీ దిగి ఆ చీకట్లోనే నడిచి వచ్చేది. ఒక అభ్యర్థిని వర్షంలో మా గుమ్మం ముందు నిలబడి, తడిసిన పుస్తకంలో ఆ స్తంభం నంబరు రాసుకుంది. ఆమెకే ఓటు వేశాను, గెలిచింది. ఏడాది తిరగకుండానే సెనేటర్ అయిపోయింది. 2003 చట్టం ప్రకారం రెండు పదవుల్లో ఉండకూడదు కాబట్టి కౌన్సిల్ వదిలేసింది. ఉప ఎన్నిక ఉండదు. పార్టీ ఒక పేరు ఇస్తుంది, కౌన్సిల్ అతణ్ణి కూర్చోబెడుతుంది. ఆ కొత్తాయన మా వీధి ముఖం చూడలేదు.

మాజీ ఎంపీటీసీ:
వీధిదీపానికీ సెనేట్‌కూ ముడిపెడితే ఎలా? ఆమె పై సభలో చట్టాలు చూస్తుంది.

గోదారిగట్టు:
ఏం చూస్తుంది? మామూలు బిల్లును ఆ సభ 90 రోజులు, ద్రవ్య బిల్లును 21 రోజులు ఆపగలదు. అంతే.

కృష్ణాతీరం:
మన శాసన మండలి కూడా అలాంటిదే. 1985లో ఎన్టీఆర్ రద్దు చేయించారు, 2007లో తిరిగొచ్చింది. 2020లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ మళ్లీ రద్దు తీర్మానం చేసి, 2021లో వెనక్కి తీసుకుంది. స్థానిక సంస్థల కోటా ఎమ్మెల్సీ ఎన్నిక అంటే క్యాంపు రాజకీయాలే కదా. ఎంపీటీసీగారూ, మీరు క్యాంపుకు వెళ్లలేదా?

మాజీ ఎంపీటీసీ:
వెళ్లాను. నాలుగు రోజులు ఒక రిసార్టులో ఉంచారు, ఫోను తీసుకున్నారు. సిగ్గుపడ్డాను. మీకు తెలియనిది కూడా చెబుతాను వినండి. ఐదేళ్లు ఎంపీటీసీగా ఉన్నాను. నిధులు లేవు, అధికారం లేదు. మండల సమావేశంలో మంచినీటి పైపు గురించి లేచి నిలబడితే అధికారి తలెత్తి చూడలేదు. నేనూ ఎన్నికైన మనిషినేనని ఒక పెద్ద నాయకుడు గుర్తించి మా ఇంటి అరుగు మీద కూర్చున్నది ఒకే ఒక్కసారి, ఎమ్మెల్సీ ఎన్నికప్పుడు. ఆ ఒక్క ఓటునూ తీసేయమంటున్నారు మీరు. ఐర్లండ్ కౌన్సిలర్లకు అది ఉందంటే నాకు సంతోషంగా ఉంది.

పట్టభద్రురాలు:
అందరినీ కలుపుకోవాలంటే ముందు ఐర్లండ్ సెనేట్‌లో పట్టభద్రులు ఎన్నుకునే విశ్వవిద్యాలయ స్థానాల సంగతి చూడాలి. ఇతర విద్యాసంస్థల పట్టభద్రులకూ ఓటు ఇవ్వవచ్చని 1979 రెఫరెండంలోనే ప్రజలు ఒప్పుకున్నారు. 2023లో సుప్రీంకోర్టు చెప్పేదాకా, ఆరు స్థానాల ఓటు రెండు విశ్వవిద్యాలయాలవారి చేతుల్లోనే ఉండిపోయింది. 2024లో గాని చట్టం మారలేదు.

డబ్లిన్‌వాసి:
ఎంపీటీసీగారూ, మీ అరుగు మాట చదివాక నా మాట కూడా దాచుకోకుండా చెబుతాను. 2019లో నాకు ఇక్కడి పౌరసత్వం లేదు. ఇక్కడ నివసించే విదేశీయులు కౌన్సిల్ ఎన్నికల్లో ఓటు వేయవచ్చు, పోటీ చేయవచ్చు. నాలాంటి భారతీయులు డాల్‌కు మాత్రం వేయడానికి వీల్లేదు. పన్ను కట్టే ఈ దేశంలో నాకున్నది ఆ ఒక్క ఓటే. ఆమె వెళ్లిపోవడంతో ఐదేళ్ల దాకా అదీ లేకుండా పోయింది. మీ ఓటు మీకు గౌరవం తెచ్చింది. అలాంటి ఓట్లతోనే ఆమె పైకి వెళ్లింది, నా ఓటు గాలికి పోయింది. నా బాధ దీపం గురించి కాదు.

మాజీ ఎంపీటీసీ:
ముందే ఇలా చెప్పి ఉంటే అంత గట్టిగా మాట్లాడేవాణ్ణి కాదు. ఖాళీ అయిన కౌన్సిల్ స్థానానికి ఉప ఎన్నిక పెట్టాలి, ఒప్పుకుంటాను. కౌన్సిలర్ల ఓటు మాత్రం తీయకూడదు.

డబ్లిన్‌వాసి:
ఉప ఎన్నిక పెడితే చాలు. సెనేట్ ఎలా ఉన్నా నాకు అభ్యంతరం లేదు.

కృష్ణాతీరం:
నాకు ఉంది. 2016 సంగతికి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.