14 మంది ఆటగాళ్ళు, 8 వారాలు: రీసెర్చ్ మెథడ్స్ ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

జంప్‌కోచ్ అడిగిన ప్రశ్న

నమస్కారం. హ్యాండ్‌బాల్ జట్టుకి స్ట్రెంగ్త్ అండ్ కండిషనింగ్ చూస్తున్నాను. 14 మంది ఉన్నారు. వారానికి రెండు జంప్ ట్రైనింగ్ సెషన్ల చొప్పున 8 వారాలు చేయించి, అది పనిచేసిందో లేదో హెడ్ కోచ్‌కి లెక్కలతో చూపించాలి. ఫోన్‌లో కౌంటర్‌మూవ్‌మెంట్ జంప్ (మోకాళ్ళు వంచి వెంటనే పైకి దూకడం) వీడియోలు, 20 మీటర్ల స్ప్రింట్ టైములు, సెషన్ ఆర్‌పీఈ (సెషన్ ఎంత కష్టమనిపించిందో ఆటగాడు వేసే అంకె), నిద్ర గంటలు తీసుకోగలను. ఆన్‌లైన్‌లో స్టాటిస్టిక్స్ కోర్సు ఒకటి మొదలుపెట్టాను గానీ ప్రాబబిలిటీ దగ్గరే తిరుగుతోంది, నా పనికి ఎక్కడ అతుకుతుందో తెలియట్లేదు. ఉద్యోగం చేసుకుంటూ రీసెర్చ్ మెథడ్స్ నేర్చుకోవాలంటే ఏ వరసలో వెళ్ళాలి? టీ-టెస్ట్ (సగటుల్లో తేడా యాదృచ్ఛికమా కాదా అని చూసే లెక్క) ఒక్కటి వస్తే సరిపోతుందా?

సగటుమనిషి

టీ-టెస్ట్ సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ టెస్టు ఎంత ఊగుతుందో తెలుసుకోండి. అది తెలియకుండా "2 సెంటీమీటర్లు పెరిగాడు" అంటే ఆ మాటకి అర్థం లేదు.

ఈ వారమే చేయగలిగిన పని ఒకటుంది. ట్రైనింగ్ మొదలవకముందే, ఒకే వారంలో రెండు రోజులు, అదే టైముకి, అదే వార్మప్‌తో, అవే బూట్లతో అందరిచేతా దూకించండి. రెండో రోజు ఎత్తులోంచి మొదటి రోజు ఎత్తు తీసేయండి. 10 మందికి తేడాలు ఇలా వచ్చాయనుకుందాం (సెం.మీ.లో): +1.2, −0.8, +2.1, −1.5, +0.4, −2.3, +1.7, +0.1, −0.6, +1.9. సగటు 0.22. అంటే జట్టు మొత్తంగా ఏమీ మారలేదు, మారడానికి మధ్యలో ఏమీ జరగలేదు కూడా. అయినా ఒకడు 2.1 పెరిగాడు, ఇంకొకడు 2.3 తగ్గాడు. ఈ తేడాల స్టాండర్డ్ డీవియేషన్ (సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) 1.51. రెండు రోజుల కొలతల్లోనూ తప్పు కలిసి ఉంటుంది కాబట్టి దాన్ని 2 వర్గమూలంతో (1.414) భాగిస్తే ఒక్క కొలతలో ఉండే తప్పు వస్తుంది: 1.07. దీన్నే టిపికల్ ఎర్రర్ అంటారు.

ఇప్పుడు 2.77 (రెండు కొలతల మధ్య తేడాకి వాడే గుణకం) × 1.07 చేయండి, దాదాపు 3 సెం.మీ. ఏ ట్రైనింగూ లేకుండా, ఉత్త ఊగిసలాట వల్ల అంతకు మించిన తేడా రావడం 20 సార్లలో ఒక్కసారే. కాబట్టి ముందొకసారి, తర్వాతొకసారి మాత్రమే కొలిచి ఫలానా ఆటగాడు మెరుగుపడ్డాడని చెప్పాలంటే 3 దాటాలి.

మీరు పట్టుకోవాలనుకునే మార్పు ఎంత? వాడుకలో ఉన్న మోటు లెక్క ఏంటంటే, ఆటగాళ్ళ మధ్య ఉండే స్టాండర్డ్ డీవియేషన్‌లో ఐదో వంతు. ఆ డీవియేషన్ 5 సెం.మీ. అయితే ఐదో వంతు 1 సెం.మీ. అంటే మీ కొలతలో తప్పు 1.07, మీరు వెతికే మార్పు 1. కూరగాయల కాటా మీద బంగారం తూచడమే ఇది.

మందు ఒకటే, ఎక్కువ రోజులు కొలవడం. నాలుగు రోజుల సగటులో తప్పు సగానికి సగం తగ్గుతుంది. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు: ఒకే రోజు నాలుగు జంపులు కొట్టించి సగటు కట్టేస్తారు. అది జంపుకీ జంపుకీ మధ్య తేడానే తగ్గిస్తుంది. ఆ రోజు కాళ్ళు బరువుగా ఉంటే నాలుగు జంపుల్లోనూ బరువుగానే ఉంటాయి. అలాగే ఒకసారి మూడింట్లో మేలైనది, ఇంకోసారి ఐదింట్లో మేలైనది తీసుకోవద్దు. ఎన్ని ఎక్కువ ఛాన్సులిస్తే మేలైనది అంత ఎత్తుగా కనిపిస్తుంది.

కొలబద్ద

పైవన్నీ నిజమే. కానీ ఫోన్ సెట్టింగు తప్పయితే ఆ లెక్కంతా బూడిదలో పోసిన పన్నీరు.

గాల్లో ఉన్న సమయాన్ని వర్గం చేసి, 9.81తో (గురుత్వ త్వరణం) హెచ్చవేసి, 8తో భాగిస్తే జంప్ ఎత్తు వస్తుంది. 0.55 సెకన్లయితే 37 సెం.మీ. సెకనుకి 30 ఫ్రేముల వీడియోలో ఒక్క ఫ్రేము అటూ ఇటూ అయితే 33 మిల్లీసెకన్లు, అంటే ఈ ఎత్తు దగ్గర సుమారు నాలుగున్నర సెంటీమీటర్ల తేడా. మీ 8 వారాల ట్రైనింగ్ మొత్తం ఆ ఒక్క ఫ్రేములో మాయమైపోతుంది. 240 ఫ్రేములైతే అదే పొరపాటు అర సెంటీమీటరు పైచిలుకు. నేల విడిచిన ఫ్రేము, తాకిన ఫ్రేము రెండూ మీరే ఎంచుతారు కాబట్టి రెండు పొరపాట్లు కలిసిపోవచ్చు కూడా.

కెమెరా పాదాల ఎత్తులో, కదలకుండా ఉండాలి. వీడియోలు మెసేజింగ్ యాప్‌లో పంపించుకోవద్దు, ఫ్రేములు ఎగిరిపోవచ్చు. ఒరిజినల్ ఫైలే తీసుకోండి. చేతులు నడుం మీద ఉండాలి, ఊపనిస్తే అది వేరే టెస్టు అయిపోతుంది. మోకాళ్ళు మడుచుకుని దిగేవాళ్ళని పట్టుకోండి: పాదాలు ఆలస్యంగా తాకుతాయి, గాల్లో సమయం పెరుగుతుంది, ఎగరని ఎత్తు ఎగిరినట్టు వస్తుంది. అలాంటి జంపుని అక్కడికక్కడే రద్దు చేసి మళ్ళీ దూకించాలి, ఇంటికెళ్ళాక నంబరు నచ్చక తీసేయకూడదు.

ఇంకొకటి. ఫ్రేములు గుర్తుపెట్టే మనిషికి ఆ వీడియో ట్రైనింగ్ ముందుదో తర్వాతదో తెలియకూడదు. ఎవరిచేతైనా ఫైల్ పేర్లు మార్పించి, కలిపేసి ఇమ్మనండి. మసకగా ఉన్న ఫ్రేము దగ్గర మనసు మనకి కావలసిన వైపే మొగ్గుతుంది.

స్ప్రింట్‌కి కొన్నిసార్లు స్టాప్‌వాచ్, కొన్నిసార్లు టైమింగ్ గేట్లు (దాటగానే టైము నమోదు చేసే సెన్సర్లు) వాడి కలపొద్దు. గేటుకి ఎంత వెనక నుంచి మొదలుపెట్టాలో టేపుతో గీత గీసేయండి.

లెక్కలపిచ్చి

టీ-టెస్ట్‌ని మరీ తీసిపారేయక్కర్లేదు. అది ఇచ్చే పీ-వాల్యూ (నిజంగా ఏ ప్రభావమూ లేకపోయినా ఇంత తేడా రావడానికి ఉన్న అవకాశం) పక్కనే ఉండే కాన్ఫిడెన్స్ ఇంటర్వల్‌ని (డేటాకి పొసగే విలువల పరిధి) చదవడం నేర్చుకోండి.

14 మందిలో సగటు పెరుగుదల 1.5 సెం.మీ., ఆ మార్పుల స్టాండర్డ్ డీవియేషన్ 3 అనుకుందాం. 3ని 14 వర్గమూలంతో భాగిస్తే 0.80. 14 మందికి టీ పట్టికలో వచ్చే అంకె 2.16. రెండూ హెచ్చవేస్తే 1.73. 1.5కి అటూ ఇటూ అంత పెడితే ఇంటర్వల్ −0.2 నుంచి 3.2 దాకా. పీ-వాల్యూ వాడుకలో ఉన్న హద్దు 0.05కి కాస్త పైన ఉంటుంది. "గణనీయమైన తేడా లేదు, ప్రోగ్రాం పనిచేయలేదు" అని రాస్తే అది తప్పు. కాస్త తగ్గుదల నుంచి 3 సెంటీమీటర్ల పెరుగుదల వరకు దేనికైనా ఈ డేటా పొసగుతుంది. హెడ్ కోచ్‌కి ఆ మాటే చెప్పండి. ఆయనకి పీ-వాల్యూ కంటే అదే తొందరగా ఎక్కుతుంది.

పాత స్ప్రెడ్‌షీట్లలో "మ్యాగ్నిట్యూడ్-బేస్డ్ ఇన్ఫరెన్స్" (మార్పు ఎంత పెద్దదో చూసి నిర్ణయించే పాత గణాంక పద్ధతి) అని కనిపిస్తే దానితో కొత్త పని మొదలుపెట్టకండి. లేని ప్రభావాన్ని ఉన్నట్టు చూపించే ప్రమాదం అందులో ఎక్కువని గణాంక నిపుణురాలు క్రిస్టిన్ సైనాని 2018లో చూపించారు. జమోవి, జాస్ప్ అనే సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితమే, పెయిర్డ్ టీ-టెస్ట్ (అదే మనుషుల ముందు, తర్వాత కొలతల్ని పోల్చేది) పది నిమిషాల్లో వచ్చేస్తుంది.

గీతలు_గ్రాఫులు

ఇంతవరకూ అందరూ కొలత గురించే మాట్లాడారు. అసలు చిల్లు డిజైన్‌లో ఉంది. ఒకే గుంపు, ముందూ తర్వాతా అంటే, ఎత్తు పెరిగినా ఎందుకు పెరిగిందో చెప్పలేరు. టెస్టు అలవాటై ఉండొచ్చు, సీజన్‌లో ఫిట్‌నెస్ దానంతటదే పెరిగి ఉండొచ్చు. బాగా తక్కువ దూకినవాళ్ళని ఏరి వాళ్ళకే ప్రత్యేకంగా చేయించారనుకోండి, ఏమీ చేయకపోయినా రెండోసారి వాళ్ళ సగటు పైకే వస్తుంది. మొదటిసారి వాళ్ళలో కొందరికి ఆ రోజు బాలేదు, అంతే.

కంట్రోల్ గ్రూపుకి (ట్రైనింగ్ లేకుండా పోలిక కోసం ఉంచే గుంపు) జట్టులో ఎవరూ ఒప్పుకోరు కాబట్టి, మొదలుపెట్టే తేదీలు అంచెలంచెలుగా మార్చండి. చీటీలు తీసి 5, 5, 4గా విడగొట్టండి. అందరికీ మొదటి వారం నుంచీ వారానికి రెండుసార్లు జంప్ కొలవండి. ట్రైనింగ్ మాత్రం మొదటి గుంపుకి 2 వారాల తర్వాత, రెండోదానికి 4, మూడోదానికి 6 వారాల తర్వాత మొదలు. అప్పుడు ట్రైనింగ్‌కి ముందు వరసగా 4, 8, 12 కొలతలుంటాయి. అందరికీ 8 వారాలు పూర్తవడానికి మొత్తం 14 వారాలు పడుతుంది. ప్రతి ఆటగాడికీ ఒక గ్రాఫ్ గీసి, ట్రైనింగ్ మొదలైన రోజున నిలువు గీత పెట్టండి. మూడు గుంపుల్లోనూ గీత తర్వాతే పెరుగుదల కనిపిస్తే మీ మాట నిలబడుతుంది. అందరూ ఒకే వారంలో పెరిగితే కారణం మీ ప్రోగ్రాం కాదు, ఇంకేదో.

14 వారాలు దొరక్కపోతే, కనీసం అందరికీ రెండు వారాల బేస్‌లైన్ (ట్రైనింగ్‌కి ముందు కొలతలు) అయినా తీసుకోండి.

వరసపుస్తకం

నాలుగు ముక్కలు నావి కూడా.

షీటులో ఒక్కో వరసలో ఒక్క కొలతే: తేదీ, ఆటగాడి కోడ్, టెస్టు, ప్రయత్నం నంబరు, విలువ, రిమార్కు. రాకపోతే గడి ఖాళీగా వదలండి, సున్నా వేయొద్దు, సగటు కూలిపోతుంది. రంగులతో అర్థాలు పెట్టొద్దు, సాఫ్ట్‌వేర్‌కి రంగు కనపడదు. మొదటి షీటు ముట్టుకోకండి, లెక్కలన్నీ కాపీలోనే.

నిద్ర, ఆర్‌పీఈ కూడా తీసుకోవచ్చు గానీ వాటితో ఏ ప్రశ్నకి జవాబు చెప్తారో ముందే ఒక వాక్యంలో రాసుకోండి. రాయలేకపోతే అడగొద్దు. ఊరికే అడుగుతుంటే ఆటగాళ్ళు మూడో వారానికల్లా రోజూ ఒకే అంకె వేసేస్తారు.

"ప్రోగ్రాం ఎలా ఉంది" అని మీరే అడిగితే "బాగుంది సార్" అనే వస్తుంది. జట్టులో ఎవర్ని ఆడించాలో చెప్పే అధికారం లేని మనిషిచేత అడిగించండి. "ఏ ఎక్సర్‌సైజ్ తీసేస్తే బాగుణ్ణు, ఎందుకు?" లాంటి ప్రశ్నలకి మాటలు బయటికొస్తాయి.

దీన్ని ఎప్పటికైనా పేపర్‌గా వేయాలనుంటే ఎథిక్స్ కమిటీ అనుమతి, ఆటగాళ్ళ రాతపూర్వక సమ్మతి డేటా తీయకముందే కావాలి. తర్వాత అడిగితే చాలాచోట్ల ఇవ్వరు.

పేపర్లు చదివేటప్పుడు అబ్‌స్ట్రాక్ట్ (మొదట్లో ఉండే సారాంశం) మూసేసి మెథడ్స్ విభాగం తెరవండి. పాల్గొన్నవాళ్ళు ట్రైనింగ్ అలవాటున్న ఆటగాళ్ళా, మామూలు విద్యార్థులా? దేనితో పోల్చారు? అలవాటు లేనివాళ్ళకి ఏం చేయించినా పెరుగుతుంది. అది మీ జట్టుకి పనికిరాదు.

జంప్‌కోచ్

అందరికీ ధన్యవాదాలండీ. అంచెల పద్ధతికి హెడ్ కోచ్ ఒప్పుకునేలా ఉన్నారు. ఒక్క సందేహం: వారానికో మ్యాచ్ ఉంటుంది. వారానికి రెండు కొలతలు ఏ రోజుల్లో పెట్టాలి? కొన్ని వారాలు ప్రయాణాల్లో పోతాయి, ఆ కొలతలు రాకపోతే సగటుతో నింపేయనా?

గీతలు_గ్రాఫులు

నింపొద్దు. నింపితే ఆ ఆటగాడి ఊగిసలాట నిజంగా ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. ఖాళీ వదిలి రిమార్కులో "ప్రయాణం" అని రాయండి. ఇలా ఎన్ని పోయాయో చివర్లో హెడ్ కోచ్‌కి చెప్పండి.

రోజుల విషయం: మ్యాచ్ మర్నాడు వద్దు, అప్పుడు కొలిచేది అలసటనే. మ్యాచ్ అయిన మూడో రోజొకటి, అయిదో రోజొకటి పెట్టుకుని 14 వారాలూ అలాగే ఉంచండి. మ్యాచ్ తేదీ జరిగితే కొలత కూడా దానితోపాటే జరగాలి, వారం పేరు చూసి కాదు. జంప్ ట్రైనింగ్ ఉన్న రోజైతే సెషన్‌కి ముందే కొలవండి.